గ్రాంటు ఎంత ఇవ్వాలన్నది తర్వాత, ముందు ఫారం సంగతి చూడండి

విశాఖలో తుపానులాంటిది వచ్చి చిన్న వ్యాపారాలు దెబ్బతింటే జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) ఇచ్చే గ్రాంటుకి నిబంధనలు ఎలా పెట్టాలి, జీఎస్టీ గానీ ఉద్యమ్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) గానీ ఉన్నవాళ్లకే ఇస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ.

నాది డాబా గార్డెన్స్ వైపు చిన్న జిరాక్స్ షాపు. కరోనా తర్వాత వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన స్వనిధి లోన్ల కోసం మా చుట్టుపక్కల బండ్లవాళ్లకి, చిన్న షాపులవాళ్లకి కాగితాలు జిరాక్స్ తీసి ఫారాలు నింపింది నేనే, అందుకే చెప్తున్నా, డబ్బు ఎవరికి చేరుతుందనేది 'జతపరచవలసిన పత్రాలు' అన్న చోటే తేలిపోతుంది. బజ్జీల బండి పెట్టుకునే ఒకావిడ "నాకాడ ఏటి కాగితాలుంటాయి బాబూ, ఆధార్ తప్ప" అంది. నిజమే కదా!

జీఎస్టీ సంగతి చూడండి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లయితే ఏడాదికి 40 లక్షలు, సేవలయితే 20 లక్షలు దాటితేనే మామూలుగా రిజిస్ట్రేషన్ అవసరం. టైలరు, సైకిల్ రిపేరు, టిఫిన్ బండి, ఇస్త్రీ షాపు, వీళ్లలో ఎంతమందికి ఉంటుంది? ఇక ఉద్యమ్ అయితే 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల టర్నోవర్ దాకా సూక్ష్మ సంస్థే. అంటే "సూక్ష్మ సంస్థలకు మాత్రమే" అని రాస్తే జగదాంబ సెంటర్ దగ్గర మూడంతస్తుల బట్టల షాపు, దాని వెనక సందులో చీరలకి ఫాల్స్ కుట్టే ఆవిడ ఒకే క్యూలో ఉంటారు, షాపువాళ్లకి ఆడిటర్ ఉన్నాడు కాబట్టి మొదటిరోజే అప్లై చేసేస్తారు, ఆవిడకి స్కీమ్ ఉందని తెలిసేసరికి డబ్బు అయిపోతుంది. అందుకే ముందొచ్చినవాళ్లకి ముందు అనే పద్ధతి అసలు వద్దు. నెలరోజులు అప్లికేషన్లు తీసుకుని, అన్నీ వచ్చాకే చూడాలి, చిన్నవాళ్లకి విడిగా కొంత డబ్బు పక్కన పెట్టాలి, చాలకపోతే అందరి ముందు లాటరీ తీసినా నాకు అభ్యంతరం లేదు.

పోనీ కరెంటు బిల్లు అడుగుదాం అంటారా, ఈపీడీసీఎల్ మీటరు చాలా షాపులకి ఓనరు పేరు మీదే ఉంటుంది. అద్దె అగ్రిమెంటు సగం చోట్ల నోటిమాటే. ఈ రెండూ తప్పనిసరి చేస్తే షాపు నడిపేవాడికి కాకుండా షట్టర్ ఉన్నవాడికి గ్రాంటు పోతుంది.

మరి రుజువు? బోలెడుంది, అడిగేవాళ్లు లేరంతే. క్యూఆర్ కోడ్‌కి వచ్చిన డబ్బుల స్టేట్‌మెంటు, పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ షాపులో వాళ్ల పేరున ఉన్న అరువు ఖాతా, కాటాకి తూనికల శాఖవాళ్లు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫికెట్. వీటిలో ఏదో ఒకటి ఉండి, వార్డు సచివాలయం నుంచి ఒకరొచ్చి ఫొటో తీసుకుంటే చాలు. స్వనిధిలో కూడా వీధి వ్యాపారుల సర్వేలో పేరు లేనివాళ్లకి మున్సిపాలిటీ నుంచి సిఫార్సు లేఖ తెచ్చుకునే వీలు పెట్టారు, కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టాల్సినదేం కాదు.

ఇంకోటి, నష్టం లెక్కలు అడగొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లలో పాలు, ఐస్‌క్రీములు, చికెన్ అన్నీ పారబోశారు, దానికి బిల్లు ఎవరిస్తారు? బిల్లులు కూడా సరుకుతో పాటే తడిసిపోయాయి. బండికి ఇంత, షాపుకి ఇంత, మిషన్లో ఫ్రిజ్‌లో ఉన్న షాపుకి ఇంకొంచెం అని ముందే మొత్తం ఖరారు చేసేయాలి. సగం వెంటనే వేసేయాలి, మిగతా సగం షాపు తెరిచాక. ఆ సగానికి కొనుగోలు బిల్లులు అడిగారంటే మళ్లీ మొదటికే వస్తాం, ఎందుకంటే పాత ఫ్రిజ్, పాత మిషన్ కొనుక్కుంటే బిల్లు రాదు. తెరిచిన షాపు ఫొటో చాలు. ఒకరిద్దరు మోసం చేస్తారు, చేయనివ్వండి, వాళ్లని పట్టుకోడానికి పెట్టే తనిఖీ ఖర్చే ఎక్కువవుతుంది.

గ్రాంటు బదులు లోన్ ఇస్తే పోలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. స్వనిధి 2020లో మొదలైనప్పుడు మొదటి విడత 10 వేలు ఇచ్చేవారు, ఏడాదిలో వాయిదాల్లో కట్టాల్సి ఉండేది, సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ వెనక్కిచ్చేవారు. నడుస్తున్న వ్యాపారానికి అది మంచిదే. మూతపడ్డ షాపువాడు మొదటి వాయిదా ఎక్కడినుంచి తెస్తాడు?

చివరగా బ్యాంకుల విషయం, దీన్ని అందరూ మర్చిపోతారు. పాత లోన్ బకాయి ఉన్న అకౌంట్లో గ్రాంటు పడితే అది వాయిదా కింద కట్ అయిపోయే ప్రమాదం ఉంది. మా లైన్లో ఒకాయనకి వేరే సాయం డబ్బు అలాగే పోయింది, మెసేజ్ చూసుకుని బ్యాంకుకి వెళ్లేలోపే. అందుకే ఈ డబ్బు బకాయిలకి జమ చేసుకోకూడదని బ్యాంకులతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, అది కుదరకపోతే బకాయి లేని అకౌంటు, ఇంట్లో ఆడవాళ్లదైనా సరే, ఇవ్వొచ్చని ఫారంలోనే తెలుగులో రాయాలి.