వెండిపని మొదలుపెడుతున్న మేనకోడలికి

సింధూ బిడ్డా,

నువ్వు ఉద్యోగం మానేసి వెండి నగల పని పెట్టుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆయన గొంతు వింటే ఎవరికో యాక్సిడెంట్ అయిందేమోనని గుండె ఆగినంత పనైంది. "సాఫ్ట్‌వేర్ వదిలి సుత్తి పట్టుకుంటుందట, అంతా నీ పోలికే" అని నన్నే నాలుగు తిట్టాడు. తిట్లు తిన్నాను గానీ, ఫోన్ పెట్టగానే పక్కింటామెను పిలిచి మరీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఉప్పల్‌లో గది తీసుకున్నావట, ఆన్‌లైన్‌లో గ్యాస్ టార్చి తెప్పించుకున్నావట. ఆ గదికి కిటికీ ఉందా అంటే మీ నాన్నకు తెలియదు. అడ్వాన్స్ ఎంత కట్టావో మాత్రం రూపాయితో సహా చెప్పాడు.

వాట్సాప్‌లో చెప్తే నువ్వు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు, ఎవరైనా చెప్పగలిగినవి. మంట ముందు జుట్టు ముడేసుకో, చున్నీ తీసేయ్. నైలాన్ బట్టలు వద్దు. వెండి తెచ్చిన రోజే తూకం రాసిపెట్టుకో. ఆకురాయి పెట్టినప్పుడు రాలే రజను ఊడ్చి పారెయ్యకు, డబ్బాలో దాచు. అప్పు చేసి వెండి కొనకు. అయిపోయింది.

ఇక నువ్వు పంపిన బొమ్మలు. తూనీగ, పాలపిట్ట, ఉడుత, ఏనుగు, తంగేడు రెమ్మ, చివర ఒక హంస. హంస సంగతి తర్వాత. గీత బాగుంది. కానీ మిగతా అన్నిటినీ తీగపనిలోనే, అదే ఫిలిగ్రీలోనే చేస్తానన్నావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. ఏనుగుకు బరువు కావాలి బిడ్డా, జాలీలో చేస్తే అది వెదురుబుట్ట అవుతుంది. ఏనుగును చెయ్యాలంటే రేకును లక్క మీద పెట్టి వెనక నుంచి ఉబ్బెత్తుగా కొట్టాలి, లేదా మైనంలో మలిచి పోత పొయ్యాలి. తీగపని కోసమే పుట్టినట్టుండేది తూనీగ. దాని రెక్క దొరికితే ఒకసారి వెలుతురుకు పట్టి చూడు. అంచుకు లావు ఈనె, లోపల సన్నటి గళ్ళు. మనం చేసేదీ అదే కదా. లావుతీగతో చట్రం, లోపల రెండు సన్నతీగలు పేని, చపటా చేసి, వంకులు తిప్పి నింపడం. రావి ఆకును కూడా నీళ్ళలో నానబెట్టు. పచ్చదనం కుళ్ళిపోయి ఈనెలు మాత్రం మిగులుతాయి. ఆ జాలీని మించిన డిజైన్ పుస్తకం నాకు ఇప్పటిదాకా దొరకలేదు. పింటరెస్ట్‌లో ఇంకొకరు చేసిన ఆకును చూసి చేస్తే, వాళ్ళు మర్చిపోయిన ఈనెను నువ్వూ మర్చిపోతావు.

పాలపిట్ట గురించి కాస్త కోప్పడాలి. కొమ్మ మీద కూర్చున్నదాన్ని గీశావు. కూర్చుంటే దాని రొమ్ము గోధుమరంగు, అసలు నీలమంతా రెక్క విప్పితేనే కదా కనబడేది. దసరా నాడు ఊరవతలికి వెళ్ళి చూసినప్పుడు "అదిగో" అని అందరం అరిచేది ఎప్పుడు, అది ఎగిరినప్పుడు. పైగా వెండికి రంగు లేదు. కూర్చున్న పిట్టను చేస్తే అది పాలపిట్టో గోరింకో కొన్నవాళ్ళు నిన్నే అడగాలి. రెక్క విప్పు. నీలానికి మీనా (గాజుపొడి కరిగించి వేసే రంగు) వేస్తానంటావేమో, మీనా కరిగే వేడికి నువ్వు అతుకులకు పెట్టిన టంకం కూడా కదులుతుంది. ఆ పని నేర్చుకున్నాక చూద్దాం.

మన పాత నగలు చూశావా, సగం అడవీ తోటే వాటిలో ఉంటాయి. జడకు నాగరం, మెడలో మామిడిపిందెల హారం, కొప్పులో మొగలిరేకులు, పండితుల చేతికి సింహతలాటం. ఆ చేసినవాళ్ళెవరూ ప్రాణిని తల నుంచి తోకదాకా దించలేదు. పాములో పడగ తీసుకున్నారు, సింహంలో ముఖం తీసుకున్నారు. నీ ఉడుతకు కాళ్ళు, గోళ్ళు, మీసాలు అన్నీ ఉన్నాయి. తోక ఒక్కటి చాలు. మీసాలైతే మొదటిరోజే ఎవరి చీర కుచ్చిళ్ళకో తగులుకుంటాయి. ఏ నగ చేసినా అమ్మే ముందు పాత మెత్తటి నూలుచీర మీద అటూ ఇటూ రుద్దు. పోగు లాగిందా, ముక్కో తోకో ఇంకా గుండ్రం చెయ్యాలన్నమాట. కమ్మలైతే నువ్వే ఒక పూట పెట్టుకుని బస్సులో తిరుగు. నా లెక్కలో ఒక్కో కమ్మ పది గ్రాములు దాటకూడదు.

మంట గురించి వినడం ఒక ఎత్తు, చెయ్యడం ఒక ఎత్తు. అయినా రాస్తాను. వెండి వేడిని పట్టుకుని ఊరుకోదు, నగంతా పాకిస్తుంది. అందుకే అతుకు దగ్గరే మంట పెట్టి కూర్చుంటే టంకం కరగదు. నగ మొత్తం వేడెక్కాలి. టంకం వేడి ఎక్కువున్న వైపు పరుగెడుతుంది, దాన్ని మంటతో నడిపించాలి. స్వచ్ఛమైన వెండి కరిగేది 961 డిగ్రీల దగ్గర, 925 వెండి అంతకు ముందే జారిపోతుంది. సన్నతీగకు నేరుగా మంట చూపిస్తే కళ్ళ ముందే బొట్టయి కూర్చుంటుంది, కాబట్టి మంటను చట్రం మీద తిప్పు. తీగపనికి మేము వాడింది మెత్తటి స్వచ్ఛమైన వెండే. 925లో ఉన్న రాగి మంటకు నల్లమచ్చలు కూడా తెస్తుంది. తీగలు కదలకుండా మా ఇంట్లో గురివింద గింజల గంధం పెట్టేవాళ్ళం, పైన వెలిగారం, టంకం పొడి. ఆ గింజ విషం, తెలుసు కదా. నూరిన చేత్తో ఏమీ తినకు. పైఫ్లాట్‌లో చిన్నపిల్లలున్నారట, ఎర్రగా బాగుందని ఏరుకుంటారు. తాళం వేసి పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నీ లిస్టులో చివరి బొమ్మ, గుల్ల హంస, అంటే లోపల బోలుగా ఉండేది. అది చూసే నాకు నిద్ర పట్టనిది.

మీ తాతకు ఎడమ కన్ను కనబడదని నీకు తెలుసు. శుక్లం ముదిరి పోయిందని ఇంట్లో అందరం చెప్పాం. మీ అమ్మకు కూడా అదే తెలుసు. అది శుక్లం కాదు.

ఒక పెళ్ళివాళ్ళు అత్తరుదాను చేయమన్నారు, మూత మీద నెమలి. బరువు పెరగకూడదు కాబట్టి గుల్లగా చెయ్యాలి. రెండు సగాలు విడిగా కొట్టి, మధ్యలో అతికించడం. గుల్లపనిలో ఎక్కడో ఒకచోట గాలికి సన్న రంధ్రం వదలాలని బాపుకు, అదే మీ తాతకు, తెలియదా? నాకు చెప్పిందే ఆయన. ఎప్పుడూ నెమలి కాలు ఆనే చోట, ఎవరికీ కనబడకుండా, సూదిమొన అంత వదిలేవాడు. ఈసారి ఆ పెళ్ళివాళ్ళు ముందే వేరేచోట చేయించిన ఒక నగ తెచ్చి, "చూడండి, దీనికి బొక్క పెట్టాడు, నల్లనీళ్ళు కారుతున్నాయి, మాకు అట్లాంటిది వద్దు" అన్నారు. బాపు నవ్వి, "మా దాంట్లో చీమ కూడా దూరదు" అన్నాడు. పౌరుషం. కరీంనగర్ పనివాడినని పౌరుషం. మూసేశాడు.

మొదటి అతుకు బాగానే పట్టింది. నల్లదనం పోవడానికి వేడిమీదనే తేజాబు నీళ్ళలో, అంటే యాసిడ్ నీళ్ళలో వేశాడు. ఎక్కడో అతుకులో కంటికి కనబడని సందు ఉంది. వేడిగా ఉన్న గుల్ల చల్లబడుతూ ఆ సందులోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంది. కడిగాడు, తుడిచాడు, పైకి ఆరినట్టే ఉంది. తర్వాత తలమీద తురాయి అతికించాలని మళ్ళీ మంట పెట్టాడు. లోపలి నీళ్ళు ఆవిరయ్యాయి. నీళ్ళు మెల్లగా పోయిన సందు ఆ ఆవిరికి ఏం సరిపోతుంది?

నేను పక్కనే కూర్చుని తీగ నింపుతున్నాను. పెద్ద చప్పుడేం కాలేదు, టపాకాయ తడిసి పేలినట్టు ఒక చిన్న టప్. బాపు ఊదుగొట్టం కింద పెట్టి, "నీళ్ళు తే" అన్నాడు మామూలుగా. ఆయన చేయి ముఖం మీద నుంచి తీసేదాకా నాకు అర్థం కాలేదు. తేజాబు, కరిగిన టంకం, రెండూ. మందు వేశారు, కట్టు కట్టారు, కన్ను దక్కలేదు. నెమలి వీపు చీలి రేకు బయటికి పువ్వులా విచ్చుకుంది. దాన్ని అమ్మ ఎవరికీ చూపకుండా కరిగించింది.

శుక్లం అని ఎందుకు చెప్పామంటే, ఒంటికన్ను పనివాడికి సన్నపని ఎవరిస్తారు? ఒక కన్ను పోతే రెండు తీగల మధ్య దూరం తెలియదు, పట్టకారు గాలిలో పడుతుంది. అందుకే ఆ తర్వాత బాపు పేరు మీద బయటికి వెళ్ళిన సన్నపని చాలావరకు నాదే. ఆయన పక్కన కూర్చుని "ఇంకాస్త తిప్పు, అక్కడ ఆపు" అని చెప్పేవాడు. నువ్వు చిన్నప్పుడు నా చేతులు పట్టుకుని "అత్తమ్మా, నీది గాడ్ గిఫ్ట్" అనేదానివి. గిఫ్టూ లేదు ఏమీ లేదు తల్లీ. ఇల్లు గడవాలి కాబట్టి నేర్చుకున్నాను. కానీ నువ్వలా అన్నప్పుడు బాగుండేది, అందుకే దిద్దలేదు.

కాబట్టి హంసకు రంధ్రం పెట్టు. కాళ్ళ కింద పెట్టు, రెక్క మడత కింద పెట్టు, ఒకటి కాదు రెండు పెట్టు, కడిగినప్పుడు లోపలి నీళ్ళు కారడానికి ఇంకోటి ఉండాలి. కడిగాక సోడా ఉప్పు నీళ్ళలో మరగబెట్టు, నల్లనీళ్ళు కారవు. పూర్తిగా ఆరకుండా మంట దగ్గరికి తీసుకెళ్ళకు. కొనేవాళ్ళు ఏమిటీ బొక్క అంటే, గుల్లపని అట్లాగే చేస్తారని చెప్పు. వద్దంటే పోనీ, వెళ్ళిపోనీ. కళ్ళద్దాలు మాత్రం రుద్దేటప్పుడు, అతికేటప్పుడు, తేజాబు ముట్టుకునేటప్పుడు, ఎప్పుడూ. కంప్యూటర్ కళ్ళద్దాలు కాదు, పక్కలు మూసినవి.

నా రెండో భయం ఛాతీ. కేడీఎం అన్న మాట వినే ఉంటావు, అది కాడ్మియం. అది కలిపిన టంకం సుఖంగా కరుగుతుంది, చవకగానూ దొరుకుతుంది, దాని పొగ ఊపిరితిత్తుల్ని, కిడ్నీలను తినేస్తుంది. టంకం కొనేటప్పుడు కాడ్మియం లేదని రాసి ఉన్నదే తీసుకో. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే ఆ గదిలో టార్చి వెలిగించొద్దు. ఇది బతిమాలడం కాదు.

ఇంకోటి, నువ్వు జంతువుల నగలు చేస్తున్నావని తెలిస్తే కొందరు వెతుక్కుంటూ వస్తారు. నిజమైన పులిగోరు తెచ్చి, వెండి తొడుగు వెయ్యమంటారు. తాతల నాటిదంటారు, డబ్బు రెట్టింపు ఇస్తామంటారు. ఏనుగు వెంట్రుకతో ఉంగరం కట్టమంటారు. చేత్తో కూడా తాకకు. 1972 వన్యప్రాణి చట్టం కింద పులిగోరు కేసులో కనీసం మూడేళ్ళ జైలు. వెండితోనే గోరు ఆకారం చేసివ్వు, తప్పులేదు, చిన్నపిల్లల మెడలో అదే ముద్దుగా ఉంటుంది.

అమ్మకం సంగతులు నాకంటే నీకే బాగా తెలుసు, రెండు మాటలు మాత్రం. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కానీ కావాలంటే బీఐఎస్‌లో (ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) రిజిస్టర్ చేసుకుని వేయించుకోవచ్చు, 2025 సెప్టెంబర్ నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ నంబర్, అంటే ఒక్కో నగకు విడి గుర్తింపు నంబర్ ఇస్తున్నారు. వేయించు. బజారులో ఆక్సిడైజ్డ్ అని అమ్మేదాంట్లో చాలావరకు జర్మన్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింకు, వెండి చుక్క ఉండదు. నీది దాని పక్కన పెడితే ధర చూసి జనం జడుసుకుంటారు. నంబర్ చూపించు, వాదించకు. రెండోది, నువ్వు ఉప్పల్‌లో చేసి "కరీంనగర్ ఫిలిగ్రీ" అని రాయకు. దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఇక్కడ పనిచేసేవాళ్ళది. 2023లో ఢిల్లీ జీ20కి వచ్చినవాళ్ళ కోటు మీద మనవాళ్ళ అశోకచక్రం బ్యాడ్జీలు పెట్టారంటే అప్పుడు టీవీ ముందు నేను ఏడ్చాను, కానీ అవి చేసినవాళ్ళ పిల్లల్లో ఎంతమంది ఈ పనిలోకి వచ్చారో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "మా తాతది కరీంనగర్, అక్కడి పని చూసి నేర్చుకున్నాను" అని రాసుకో, అది నిజం.

మీ తాత కమ్మెచ్చు, తీగ లాగే రంధ్రాల పలక, నా దగ్గరే ఉంది. సన్నరంధ్రాలు కొన్ని అరిగి వెడల్పయ్యాయి, మిగతావి బాగున్నాయి. కొరియర్‌లో పంపను, వచ్చి తీసుకెళ్ళు. వస్తే రెండు రోజులుండు, తీగ లాగడం చూపిస్తాను. మీ నాన్నను కూడా తీసుకురా, ఆయనకు శుక్లం సంగతి నేనే చెప్పాలి. అప్పట్లో హాస్టల్‌లో ఉండి తప్పించుకున్నాడు.

అన్నట్టు నాకో జత మెట్టెలు కావాలి. చేప ఆకారంలో చెయ్యి. నీళ్ళలో తడిసే కాళ్ళకు తీగపని వద్దు, గట్టిగా పోత పోసి చెయ్యి. వెండి ధర రోజుకోలా ఉంది కాబట్టి తూకానికి ఆరోజు రేటు కట్టి ఇస్తాను. మజూరీ దగ్గర మాత్రం బేరమాడతాను, ముందే చెప్తున్నా.

మీ చిన్నత్త