గేమ్ బస్సుకు మన రంగులు వేసి అమ్మొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నా. బస్సు డ్రైవింగ్ గేమ్‌లోని మోడల్‌కు ఫొటోషాప్‌లో పల్లె వెలుగు రంగులు, సీట్లకు పోచంపల్లి ఇక్కత్ డిజైన్ వేసి స్నేహితులకు ఊరికే ఇచ్చేవాణ్ని. ఇప్పుడు ఫైల్‌కు రూ.50 తీసుకుంటున్నా. ఆ విదేశీ కంపెనీ నుంచి 'తొలగించండి' అని మెయిల్ వచ్చింది. రంగులు వేసింది నేనే కదా, కేసు అవుతుందా?

జవాబు: రంగులు మీవే. వాటి కింద ఉన్న బొమ్మ మీది కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

బస్సు మోడల్, దానికి చుట్టిన టెక్స్చర్ బొమ్మ రెండూ కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కళాకృతులే. వాటిని మార్చి కొత్త రూపం ఇచ్చే హక్కు సెక్షన్ 14 కింద యజమానిది. కంపెనీ విదేశీదైనా, కాపీరైట్‌ను దేశాలు పరస్పరం కాపాడే బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశానిదైతే ఇక్కడ అదే రక్షణ. మీ ఫోన్‌లో మీరే ఆడుకోవడానికి రంగు మార్చుకుంటే సెక్షన్ 52లోని సొంత వాడకం మినహాయింపు చెప్పుకోవచ్చు. నలుగురికి పంచితే ఆ వాదన బలహీనపడుతుంది, రూ.50 తీసుకున్నాక దాదాపు నిలవదు. యూపీఐలో వచ్చిన ప్రతి యాభై రూపాయలూ లాభానికి రాతపూర్వక సాక్ష్యమే.

సెక్షన్ 63 కింద శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్లు, జరిమానా రూ.50 వేల నుంచి రూ.2 లక్షలు. వ్యాపార లాభం లేదని తేలితే కోర్టు కారణాలు రాసి అంతకన్నా తగ్గించవచ్చు. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అందుకే ఆ మెయిల్‌ను పక్కన పడేయొద్దు.

ఇప్పుడు ఫైల్ సంగతి. అసలు టెక్స్చర్‌ను కింద ఉంచి, పైన రంగు లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో (కింది బొమ్మ రంగులోంచి కనిపించేలా) పెట్టారా? అలా చేస్తే అసలు కళాకారుడు గీసిన నీడలు, రివెట్లు, తలుపు గీతలు అన్నీ మీ ఫైల్‌లోనే బయటికి వస్తాయి. అది అనుసరణే, అంటే అసలును మార్చి కొత్త రూపం ఇవ్వడమే. చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది. మెరుపు సమాచారం ఆల్ఫా చానల్‌లో (రంగులతో పాటు బొమ్మ ఫైల్‌లో ఉండే అదనపు పొరలో) ఉంటే దాన్ని అసలు ఫైల్ నుంచే తెచ్చి అతికిస్తారు. పైకి కనపడకపోయినా అదీ కాపీయే. నార్మల్ మ్యాప్‌ను (మోడల్ మీద ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపే బొమ్మను) జతచేసి ఇచ్చినా అంతే.

కంపెనీయే స్కిన్ టెంప్లేట్ (మన రంగులు వేసుకోవడానికి గీతల నమూనా) ఇస్తుంటే దాని షరతులు చదవండి. అమ్మకం వద్దని రాసి ఉంటే వద్దు. అనుమతి ఉంటే టెంప్లేట్ గీతలను అడుగున ఒక లేయర్‌గా మాత్రమే ఉంచి, నీడలతో సహా అంతా కొత్తగా గీయండి. ఎగుమతికి ముందు ఆ లేయర్ తీసేయండి. ఇచ్చేది బొమ్మ ఫైల్ ఒక్కటే, మోడల్ వద్దు. కాపీ చేయడానికి గేమ్ ఫైళ్ల తాళం విప్పితే సెక్షన్ 65ఎ కింద మరో నేరం, 2 ఏళ్ల వరకు జైలు.

మీ ఫొటోషాప్ క్రాక్ చేసినదైతే అది వేరే నేరం. తెలిసి వాడితే సెక్షన్ 63బి కింద కనీసం 7 రోజుల జైలు. లాభం కోసం కాదని చూపగలిగితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో వదలవచ్చు, కానీ మీరు దాంతోనే సంపాదిస్తున్నారు. ఫొటోషాప్ లాంటి జింప్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో చేసిన పని అమ్మడానికి అడ్డు లేదు. ఈ రోజే మారండి.

ఆర్టీసీ గుర్తు అనుమతి లేకుండా పెట్టొద్దు. బోర్డు మీద 'మిర్యాలగూడ – నాగార్జునసాగర్' అని రాయడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. పోచంపల్లికి ఉన్న జీఐ (ప్రాంతం పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు) ముఖ్యంగా బట్టకు ఆ పేరు వాడడాన్ని కాపాడుతుంది. సీటు బొమ్మకు అది పెద్దగా అడ్డు కాదు. ఒక నేతకారుడి ప్రత్యేక డిజైన్‌ను చీర ఫొటో నుంచి కత్తిరించి వాడితే మాత్రం అతని అనుమతి కావాలి.

ముందు అమ్మకం, లింకులు ఆపండి. లేయర్లున్న అసలు ఫైళ్లను చెరపొద్దు. ఏది మీ పనో తేదీలతో చూపేవి అవే. తర్వాత మెయిల్‌కు మూడు వాక్యాల్లో జవాబివ్వండి: ఫలానా తేదీన తొలగించాను, ఇక పంచను, టెంప్లేట్ వాడకానికి షరతులు తెలపండి. తప్పు చేశానని గానీ, ఎంత అమ్మానని గానీ వకీలును కలవకుండా రాయొద్దు.