మామిడి చెట్టు మీద ఎర్రచీమలు ఆకులను దేంతో అతికించి గూడు కడతాయి?

జిగురు వాటి పిల్లలది. ఎదిగిన చీమల దగ్గర పట్టు దారం ఉండదు.

ముందు కొన్ని చీమలు వరసగా నిలబడి, వెనక కాళ్లతో ఒక ఆకును పట్టుకుని, దవడలతో పక్క ఆకు అంచును లాగుతాయి. ఎడం ఎక్కువైతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. అంచులు కలిశాక మరికొన్ని చీమలు లార్వాలను, అంటే ఆ పిల్ల పురుగులను, నోట కరుచుకుని వస్తాయి. లార్వా మూతిని ఈ ఆకుకూ ఆ ఆకుకూ ఆనిస్తూ, మగ్గంలో నాడెలా అటూ ఇటూ తిప్పుతాయి. దాని నోటి నుంచి వచ్చే పట్టు దారమే అతుకు. పట్టంతా గూటికే పోవడంతో ఈ లార్వాలు తమ చుట్టూ పట్టుగూడు అల్లుకోవు.

ఒక్కో గుంపుకు గూళ్లు చాలా ఉంటాయి, పక్క చెట్ల మీద కూడా. రాణి మాత్రం ఒక గూటిలోనే గుడ్లు పెడుతుంది, కూలి చీమలు వాటిని మిగతా గూళ్లకు మోస్తాయి. చిన్న సైజు కూలి చీమలు లోపల పిల్లల్ని సాకితే, పెద్దవి వేటకూ కాపలాకూ వెళ్తాయి. సరిహద్దు గూళ్లలో కాపలా కాసేవి ఎక్కువగా ముసలి చీమలే!

ఆకులు ఎండితే ఆ గూడు వదిలేసి పచ్చి ఆకులతో ఇంకోటి కడతాయి. కాయలు కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త, కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం కూడా చిమ్ముతాయి.