హోటళ్లు వద్దు, ఆత్రేయపురం వెళ్లండి

గోదావరి జిల్లాల్లో ఒక్క రోజే షూటింగు, ఎవర్నడిగినా హోటళ్ల పేర్లే చెబుతున్నారు, టీవీలో చూపించడానికి కొత్తగా ఏముందని అడిగారు కదండీ. కోనసీమలోని ఆత్రేయపురం వెళ్లండి. పూతరేకులు అమ్మే కొట్ల దగ్గర ఆగిపోవద్దు, రేకులు తీసే ఇంట్లోకి వెళ్లండి. అసలు విద్య అక్కడుంది.

బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యప్పిండి జావలో పల్చటి గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. సర్రుమంటుంది, క్షణాల్లో కాగితం కన్నా పల్చటి రేకు లేచొస్తుంది. మంట కాస్త ఎక్కువైనా మాడిపోతుంది. ఆ సెగ ముందు గంటల తరబడి కూర్చునేది ఆడవాళ్లే. కెమెరా ముందు వాళ్ల చేతులూ మాటలూ ఉండాలి, తినే యాంకర్ కాదు.

రేకుల దగ్గర ఫ్యాను వేయొద్దు, ఎగిరిపోతాయి. వెనక నుంచి వెలుతురు పడనిస్తే రేకులోంచి అవతలి మనిషి కనిపిస్తాడు. నెయ్యి, బెల్లప్పొడి చల్లి మడత పెట్టడం చివర్లో తీయండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిందన్నది ఒక్క ముక్కలో చెప్తే చాలు. వాళ్ల పని ఆగిన సమయానికి డబ్బు మాత్రం తప్పకుండా ఇవ్వండి.