రూమ్మేట్ బిళ్ళలకి అలవాటు పడ్డాడా? ముందు నార్‌క్యాన్ కొనండి, క్లాసు తర్వాత పీకుదురుగాని

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు, వాళ్ళది విజయవాడ పటమట, అమెరికాకి ఎమ్మెస్‌కి వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు, మాది గుంటూరు అని ఎవరో చెప్తే నంబర్ పట్టుకున్నాడంట. "అన్నయ్యా, మా రూమ్మేట్‌కి భుజం ఆపరేషన్ అయింది, డాక్టర్ రాసిన ఆక్సికోడోన్ (మత్తెక్కించే నొప్పి బిళ్ళ) అయిపోయాక కూడా ఎక్కడో కొంటున్నాడు, క్లాసులకి పోవట్లేదు, రెండు నెలల్నించి అద్దె నేనే కడుతున్నా, వాళ్ళ నాన్నగారికి చెప్పాలా వద్దా" అని. అది తర్వాత చూద్దాం, ఇంట్లో నార్‌క్యాన్ ఉందా అన్నాను. అదేంటన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇదే మాటంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నార్‌క్యాన్ అంటే ముక్కులో కొట్టే స్ప్రే, మందు పేరు నాలాక్సోన్, ఇలాంటి బిళ్ళలు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి మళ్ళీ లేపుతుంది. 2023 నించి చీటీ లేకుండానే ఫార్మసీలో అమ్ముతున్నారు, రెండు స్ప్రేల డబ్బా సుమారు 45 డాలర్లు, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లో, చాలా యూనివర్సిటీల్లో అయితే ఊరికే ఇస్తారు. ఎందుకంత తొందరంటే, బయట కొనే నీలం రంగు ఎం30 బిళ్ళ చూడ్డానికి అచ్చం షాపు బిళ్ళలాగే ఉంటుంది గానీ లోపల ఉండేది చాలాసార్లు ఫెంటనిల్ అనే మత్తుమందు, అది హెరాయిన్ కంటే 50 రెట్లు ఘాటు, ఒక బిళ్ళలో ఎంతుందో ఆ అమ్మేవాడికి కూడా తెలీదు. మనిషి ఎంత లేపినా లేవకుండా, పెదాలు నీలంగా మారి, గొంతులో గురగురమని శబ్దం వస్తుంటే దాన్ని నిద్ర అనుకోవద్దు. 911 కొట్టండి, స్ప్రే ఒక ముక్కులో కొట్టండి, ఊపిరి ఆడకపోతే నోట్లో ఊదండి, రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది కొట్టండి, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. లేచి కూర్చుని "నాకేం కాలేదురా" అన్నా వదలొద్దు, స్ప్రే పని అరగంట నించి గంటన్నర దాకానే ఉంటుంది, లోపలున్న మందు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు, మళ్ళీ ఊపిరి ఆగొచ్చు.

పోలీసులొస్తే వీసా పోతుందేమో అని ఫోన్ చెయ్యకుండా కూర్చోవద్దు. చాలా రాష్ట్రాల్లో గుడ్ సమారిటన్ చట్టాలున్నాయి, ఫోన్ చేసినవాళ్ళకీ పడిపోయినవాడికీ కొంత రక్షణ ఉంటుంది, ఎంతవరకన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇమ్మిగ్రేషన్ వేరే సంగతి, డ్రగ్ కేసు అక్కడ నిజంగానే పెద్ద తలనొప్పి, అందుకని తర్వాత లాయర్‌ని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఎవరి ముందూ ఏదీ ఒప్పుకోవద్దు. లాయర్ సంగతి రేపు చూసుకోవచ్చు, ఊపిరి సంగతి అలా కాదు కదా.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తా, మా పిన్ని కొడుకుది. వీడికీ నడుం నొప్పి బిళ్ళలతోనే మొదలైంది, తెలిసేసరికి ఏడాది దాటింది. మావాళ్ళందరం కూర్చుని తేల్చిందేంటంటే గుంటూరు పంపేద్దాం, ఇంటి తిండి తింటాడు, పాత స్నేహాలుండవు, ఒక సంబంధం చూస్తే బాధ్యత తెలిసొస్తుంది అని. మూడు నెలలు బ్రాడీపేటలో ఉన్నాడు, ఒళ్ళు చేశాడు, కోటప్పకొండ కూడా వెళ్ళొచ్చాడు, బాగైపోయాడని అందరం సంబరపడ్డాం. అమెరికా తిరిగొచ్చిన వారం లోపే మళ్ళీ బిళ్ళ వేసుకుని పడిపోయాడు. ఎక్కువేం వేసుకోలేదు, ఇదివరకు వేసుకునే డోసే, కానీ మూడు నెలలు మానేసరికి ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోయింది, అప్పట్లో ఏమీ కాని డోసే ఇప్పుడు ప్రాణం మీదకి తెచ్చింది. ఆ రోజు రూమ్మేట్ ఇంట్లో ఉన్నాడు కాబట్టి బతికాడు. ఊరికి పంపి మాన్పించేద్దాం అన్న ఆలోచన మాది, అందులో నేనూ ఉన్నా, ఇప్పటికీ పిన్ని మొహం చూడాలంటే సిగ్గే.

వాణ్ణి నిలబెట్టింది బ్యూప్రెనార్ఫిన్, ఈ బిళ్ళల అలవాటుకి వాడే మందు, సుబాక్సోన్ అనే పేరుతో ఎక్కువగా వింటారు, నాలుక కింద పెట్టుకుంటారు. మన పెద్దవాళ్ళు దీన్ని ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందంటారు, అది తప్పు, సుగరున్నవాడు రోజూ మందేసుకుంటే దాన్ని అలవాటంటామా. ఇదివరకు దీన్ని రాయాలంటే డాక్టర్లకి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది, 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో అది ఎత్తేశారు, కంట్రోల్డ్ మందులు (చట్టం అదుపులో ఉండేవి) రాసే మామూలు ఫ్యామిలీ డాక్టరే రాయొచ్చు. ఇదే అలవాటుకి వాడే ఇంకో మందు మెథడోన్ అయితే క్లినిక్‌కి వెళ్ళి తీసుకోవాలి, మొదట్లో దాదాపు రోజూ. ఎక్కడ దొరుకుతుందో తెలీకపోతే 1-800-662-4357, శాంసా అనే అమెరికా ప్రభుత్వ సంస్థ వాళ్ళ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఫ్రీ, మీరు చేసినా చెప్తారు, వాడే చెయ్యాలని లేదు. చచ్చిపోతా అంటుంటే మాత్రం 988కి ఫోన్ చెయ్యండి.

ఇక రూమ్మేట్‌గా మీరేం చెయ్యాలంటే, చేతికి డబ్బివ్వొద్దు, అన్నం మాత్రం పెట్టండి. అద్దె కట్టాల్సొస్తే ఓనర్‌కే కట్టండి. పర్సు వెతకడం, బాత్రూమ్ తలుపు దగ్గర కాపలా కాయడం ఇవన్నీ నేను చేశా, దాంతో వాడు నాకు అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు, ఇంకేం కాలేదు. మత్తులో ఉన్నప్పుడు గొడవ పెట్టుకోవద్దు, పొద్దున టీ తాగుతున్నప్పుడు అడగండి, "ఎన్ని వేసుకుంటున్నావురా, డాక్టర్ దగ్గరికి నేనొస్తా" అంతే. "మీ అమ్మానాన్నల పరువేం కావాలి" అన్న మాట మాత్రం వద్దు, ఆ పరువు గురించే వాడు తలుపేసుకుని ఒంటరిగా వేసుకుంటున్నాడు, ఒంటరిగా పడిపోతే స్ప్రే కొట్టేదెవరు.

చదువు పోతుందన్న భయానికీ దారుంది. డాక్టర్ లెటర్ పెట్టి, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్‌వో దగ్గర మెడికల్ రెడ్యూస్డ్ కోర్స్ లోడ్, అంటే జబ్బు వల్ల క్లాసులు తగ్గించుకునే అనుమతి, తీసుకోవచ్చు, ఒక డిగ్రీలో మొత్తం 12 నెలల దాకా. కానీ క్లాసులు డ్రాప్ చెయ్యకముందే అనుమతి రావాలి, చేసేశాక వెళ్తే స్టూడెంట్ వీసా స్టేటస్ పోయి కూర్చుంటుంది.

వాళ్ళ నాన్నగారికి చెప్పాలా అన్నాడు కదా. వాణ్ణే చెప్పమనండి, పక్కన మీరు కూర్చోండి. ఒకసారి పడిపోయి హాస్పిటల్ దాకా వెళ్తే మాత్రం వాడి అనుమతి కోసం ఆగొద్దు, నేనైతే ఆగను. ఆయనతో "మీవాడు పాడైపోయాడండీ" అని మొదలెట్టొద్దు, "ఆపరేషన్‌కి ఇచ్చిన మందు ఒంటికి పట్టుకుందండీ, వైద్యం ఉంది, చేయిస్తున్నాం" అనండి, నిజం కూడా అదే. ఆయన టికెట్ పంపిస్తా ఇంటికి రమ్మంటే మా పిన్ని కొడుకు కథ చెప్పండి.

ఇంకోటి, ఇంటినించి వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి పక్కన అమ్మ సర్దే మందుల సంచి ఒకసారి విప్పి చూడండి, అందులో ట్రమడాల్ ఉంటే అదీ ఆక్సికోడోన్ జాతిదే, అమెరికాలో 2014 నించి, మన దగ్గర 2018 నించి కంట్రోల్డ్ మందు. నొప్పని అడిగిన రూమ్మేట్‌కి మంచితనంగా ఇచ్చేస్తుంటారు కొందరు. అలాగే సుబాక్సోన్ మీదున్నవాడు సంక్రాంతికి గన్నవరంలో దిగాలనుకుంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి, బ్యూప్రెనార్ఫిన్ ఇండియాలో కూడా కంట్రోల్డ్ మందే, ఫార్మసీ లేబుల్ ఉన్న డబ్బా, చీటీ, డాక్టర్ లెటర్ మూడూ చేతి సంచిలోనే పెట్టుకోవాలి.