మడత ముందా, చమురు ముందా?

హబ్సిగూడ, హైదరాబాద్

బిడ్డా,

కొండలకీ చమురుకీ సంబంధం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. ‘పర్వతాలు నేలను పిండి చమురు తీస్తాయి’ అన్న మొదటి వాక్యం కొట్టేశాను. చెరకు గానుగలా కళ్లకు కడుతోంది, కానీ తప్పు. చమురు పిండితే రాదు, ఉడికితే వస్తుంది. బురదరాయిలో చిక్కిన సూక్ష్మజీవుల అవశేషాలు సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర నూనెగా మారతాయి. వేడి బాగా ఎక్కువైతే చివరికి గ్యాసే మిగులుతుంది. ఆ వేడి తగలాలంటే మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల లోతు కావాలి.

పర్వతం పని ఇక్కడ మొదలవుతుంది. నులక మంచం మీద లావుపాటి మనిషి కూర్చుంటే పక్కన కూడా కుంగుతుంది చూడు, అట్లా కొండల బరువుకి వాటి ముందున్న నేల కుంగుతుంది. నదులు ఆ కొండనే అరగదీసి ఆ పల్లంలో ఒండ్రు పోస్తాయి. అడుగునున్న బురదరాయి ఇంకా లోతుకు దిగి ఉడుకుతుంది. గంగా మైదానం అలా ఏర్పడిన పల్లమే.

ఇక మడతలు. చాపను గోడకేసి నెట్టు, మధ్యలో ఉబ్బుతుంది. కొండలు లేచేటప్పుడు రాతి పొరలూ అట్లాగే మడతపడతాయి. నీటికన్నా తేలికైన చమురు రాతి రంధ్రాల్లోంచి పైకి పాకి ఆ ఉబ్బు కింద చేరుతుంది. పైన మూతరాయి, అంటే చమురును పైకి పోనివ్వని పొర, ఉంటేనే సుమా. ఇరాన్ జాగ్రోస్ కొండల్లో, మస్జిదే సులేమాన్ దగ్గర 1908లో చమురు పడింది ఇలాంటి మడతలోనే. చమురు అస్మారీ అనే సున్నపురాయి పొరలో, దానిమీద మూతగా ఉప్పు, జిప్సం జాతి పొరలు. మన అస్సాంలోని దిగ్బోయ్‌దీ మడత కథే.

ఒకప్పుడు నేను దీన్ని దమ్ బిర్యానీతో పోల్చి రాశాను. పిండితో మూత మూయడం, ఆవిరి బయటికి పోకపోవడం, అన్నీ కుదిరాయనుకున్నా. ఒక జియాలజిస్టు చదివి, “చమురు ఉడికిన గిన్నెలోనే ఉండిపోయిందా సార్?” అన్నాడు. సిగ్గేసింది. ఉడికే రాయి వేరు, చేరే రాయి వేరు. తర్వాత ఆయన ఇంకో ప్రశ్న వేశాడు: “మడత ముందా, చమురు ముందా?” చమురు కదిలిపోయాక మడత పడితే అది ఉత్త గిన్నె. అందుకే అందమైన మడతల్లో కూడా బావులు తవ్వి నీళ్లు చూసినవాళ్లున్నారు.

పైగా కొండ మంచి చేసి ఊరుకోదు. నేల పైకి లేచి కోసుకుపోతే అడుగు పొరలు చల్లబడి వంట ఆగిపోతుంది. మూత పగిలితే దాచింది కారిపోతుంది. హిమాచల్‌లోని కాంగ్డాలో జ్వాలాముఖి గుడిలో మండేది అలా నేలలోంచి పైకొచ్చే గ్యాసే.

కృష్ణా-గోదావరి బేసిన్‌ని హిమాలయాల వరసలో ఎందుకు కలిపావు? అది నేల సాగి, చీలి ఏర్పడింది. తీసెయ్, లేదా వేరే పేరా రాయి. మన ఊరి గ్రానైట్ గుట్టల మీద పేరా మాత్రం ఉంచు. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాయి, చుక్క నూనె లేదు. అదెందుకో చెప్పావు, బాగుంది.

తిరగరాసే ముందు ఓ కాగితం మీద వరస వేసుకో: బురద ఎప్పుడు పడింది, ఎప్పుడు ఉడికింది, మడత ఎప్పుడు పడింది. ఆ వరస కుదిరేదాకా పోలికలు ముట్టుకోకు. ఆదివారం ఆ కాగితం పట్టుకుని ఇంటికి రా.