లిఫ్ట్ కిట్ కొనే ముందు బండి కింద దూరి చూడండి

ప్రశ్న: మాకు కొండవార జీడితోట ఉంది. అయిదు తలుపుల జిమ్నీ వాడుతున్నాం. వానలకి ట్రాక్టర్లు తిరిగి గాడులు పడిపోయాయి, బండి అడుగు రాసుకుపోతోంది. సీజన్లో వెనక రెండు జీడిపిక్కల బస్తాలు వేస్తాం. 2 అంగుళాల లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు లేపే స్ప్రింగులు, షాకుల సెట్టు) వేయించాలా, చవగ్గా వచ్చే 30 మి.మీ. స్పేసర్లు (పాత స్ప్రింగులకి జతచేసే దిమ్మలు) చాలా?
– ఒక పాఠకుడు, మందస

జవాబు: ఎక్కడ రాసుకుంటోందో ముందు తేల్చుకోండి. బండి కింద దూరి గీతలు చూడండి. ఛాసిస్ అడ్డపట్టీ మీద, గేర్‌బాక్స్ కింద, బంపర్ అంచున ఉంటే లిఫ్ట్ పనికొస్తుంది. డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్‌కి ఉండే గుండ్రటి గేర్ల డబ్బా) మీద ఉంటే మాత్రం ఎన్ని అంగుళాలు లేపినా ఫలితం ఉండదు. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే, అంటే రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగులు లేపేది ఛాసిస్‌ని. యాక్సిల్ని లేపగలిగేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. కంపెనీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ. 215/75 వేస్తే సుమారు 704, అంటే యాక్సిల్ కింద దక్కేది 5 మి.మీ. 235/75 వేస్తే 20 మి.మీ. దక్కుతుంది కానీ లిఫ్ట్ లేకుండా బాడీకి రాసుకుంటుంది, రిమ్ వెడల్పు కూడా చూసుకోవాలి, స్పీడోమీటరు దాదాపు 6 శాతం తక్కువ చూపిస్తుంది. మధ్యగట్టు ఎత్తుగా ఉన్నచోట ఒక చక్రాన్ని గట్టు మీదికీ రెండోదాన్ని గాడి బయటికీ ఎక్కించి నడపండి. ఖర్చు లేని మార్గం ఇదే.

స్పేసర్లు వద్దు. షాక్ అబ్జార్బర్ పొడవు మారదు కాబట్టి చక్రం కిందికి దిగే వీలు ఇంచుమించు ఆ 30 మి.మీ. మేరకే తగ్గిపోతుంది. గోతిలో చక్రం గాల్లో తేలిపోతుంది.

మీ అవసరానికి 40 మి.మీ. కిట్ చాలు. స్ప్రింగుని మాత్రం ఎప్పుడూ ఉండే బరువుకి ఎంచుకోండి. 80 కిలోల బస్తాలు రెండు వేసేది కొన్ని నెలలే; వాటి కోసం గట్టి స్ప్రింగులు వేయిస్తే మిగతా ఏడాదంతా ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగులతోపాటు వాటికి సరిపడా పొడవున్న షాకులు, పొడవైన బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలు), బ్రేక్ హోసులు ఉండాలి. లేపగానే క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. హైవే మీద స్టీరింగ్ తేలిపోతూ, మలుపు తర్వాత దానంతటది తిన్నగా రాదు. ముందు ఆర్మ్‌లకి ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం పక్కకి ఉండే రబ్బరు గొట్టాలు) వేస్తే అది సర్దుకుంటుంది. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకి జరక్కుండా ఛాసిస్‌కి కట్టే అడ్డకడ్డీ) యాక్సిల్ని ఒక పక్కకి లాగుతుంది కాబట్టి సర్దుబాటు చేసుకునే రాడ్ కూడా అడగండి. ఇవి లేని కిట్‌ని సగం కిట్‌గానే లెక్కేయండి.

బిగించే ముందు చదునైన చోట, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాలకీ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. సముద్రపు గాలికి బోల్టులు పట్టేసి ఉంటాయి, ముందు రోజే తుప్పు విడిపించే ఆయిల్ కొట్టించండి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడ: బండి జాకీల మీద ఉండగానే బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దింపగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు వేయించండి. తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు దించడం, 500 కి.మీ. దగ్గర మళ్లీ బిగింపు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చే మార్పులు కుదరవు. ఆర్టీవో ఆఫీసులోనూ, బీమా కంపెనీనీ డబ్బు కట్టకముందే అడగండి.

ప్రశ్న: బొలెరోకి వెనక కమాన్ల షాకిళ్లు (కమాను చివరని ఛాసిస్‌కి కలిపే పట్టీలు) పొడవైనవి వేస్తే లేస్తుందంటున్నారు. నిజమేనా?
– మరో పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: లేస్తుంది, కానీ 2 అంగుళాలు పొడవు పెంచితే దక్కేది 1 అంగుళమే. పైగా డిఫరెన్షియల్ కోణం తిరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది, క్రాసులు (షాఫ్ట్ కీళ్లు) త్వరగా అరుగుతాయి. వెనక మాత్రమే లేస్తే ముందు భాగం వంగి ఘాట్ దిగేటప్పుడు బరువంతా ముందుకొస్తుంది. అసలు వెనక ఉన్న పాత కమాన్లు కుంగాయేమో మొదట చూడండి. కుంగితే కొత్త సెట్టు, కొత్త యూ బోల్టులతో వేయించండి. చాలా బళ్లకి పోయిన ఎత్తు దానితోనే తిరిగొస్తుంది.